అతిథులు కలవాలంటే ఆట ఒక నెపం

ప్రశ్న: వచ్చే నెలలో మావారి నలభయ్యో పుట్టినరోజు. సాయంత్రం ఇంట్లోనే చిన్న విందు పెట్టుకుంటున్నాం. మొత్తం 24 మంది వస్తారు. మావారి ఆఫీసు వాళ్లు, మా ఆఫీసు వాళ్లు, ఇరుగుపొరుగు, దగ్గరి చుట్టాలు. ఒక గుంపు వాళ్లకు ఇంకో గుంపు వాళ్లు తెలియదు. కిందటేడు ఇల్లు మారినప్పుడు ఇలాగే పిలిస్తే ఎవరి గుంపు వాళ్లు ఒక మూల పట్టుకుని కూర్చున్నారు. మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి పుస్తకాల అల్మరా పక్కన ఫోను చూసుకుంటూ నిలబడి, భోజనం కాగానే వెళ్లిపోయింది. అది ఇప్పటికీ మనసులో ఉండిపోయింది. ఈసారి పరిచయాలు పెంచే ఆటలేవైనా ఆడిద్దామంటే మావారు "పెద్దవాళ్ల చేత చిన్నపిల్లల ఆటలు ఆడిస్తావా? అందరూ ఇబ్బంది పడతారు" అంటున్నారు. మా మరిది నలుగురిలో నోరు విప్పడు. మావారి పెద్దమ్మగారికి చెవులు సరిగా వినిపించవు. వీళ్లందరికీ సరిపోయే ఆటలు ఉంటాయా? ఉంటే ఎప్పుడు, ఎలా ఆడించాలి?
– ఒక పాఠకురాలు

జవాబు:

మీ ఉత్తరం చదువుతూ ఆ కొత్త అమ్మాయి గురించి రాసినచోట ఆగిపోయాను. ఇంటి నిండా జనం ఉన్నప్పుడు, వడ్డనలు, కుర్చీలు, వచ్చేవాళ్లు, వెళ్లేవాళ్లు అనే హడావుడిలో, ఒంటరిగా నిలబడిన ఒక మనిషి కంటపడటమే గొప్ప. ఏడాది గడిచినా ఆ సంగతి మిమ్మల్ని వదల్లేదంటే ఈసారి విందు సగం కుదిరినట్టే. మిగిలిన సగం ఏర్పాట్ల పని.

మీవారి అభ్యంతరాన్ని కొట్టిపారేయకండి. నలుగురి ముందు నవ్వులపాలు కావడమంటే పెద్దవాళ్లలో చాలామందికి భయం. ఆటలు ఆ పని చేయగలవు కూడా. కాకపోతే అన్నీ కాదు. ఒకరిని మధ్యలో నిలబెట్టి మిగిలినవాళ్లు చుట్టూ చేరి చూసే ఆటలు కొన్ని. అవి బాగా తెలిసినవాళ్ల మధ్యే పండుతాయి. కొత్తవాళ్ల మధ్య పెడితే మీవారు అన్నట్టే అవుతుంది. అందరూ ఒకేసారి ఏదో ఒక పనిలో ఉంటూ, ఎవరూ ఎవరినీ చూస్తూ కూర్చోవడానికి వీల్లేని ఆటలు మరికొన్ని. మీకు కావలసినవి ఇవి. ఈ తేడా ఆయనకు విడమరిచి చెప్పండి, ఒప్పుకుంటారనే అనుకుంటున్నాను.

మంచివాళ్లను ఒకచోట చేరిస్తే వాళ్లంతట వాళ్లే కలుస్తారు కదా, ఆటలెందుకని ఎవరైనా అడగవచ్చు. కలవరు. అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు పాల్ ఇన్‌గ్రామ్, మైకేల్ మోరిస్ ఈ విషయాన్నే పరీక్షించి 2007లో ప్రచురించారు. దాదాపు వంద మంది ఉద్యోగులను, వ్యాపారులను ఒక సాయంకాలపు విందుకు పిలిచి, ఎవరు ఎవరి దగ్గర ఎంతసేపు ఉన్నారో నమోదయ్యేలా ఒక్కొక్కరికీ చిన్న ఎలక్ట్రానిక్ బిళ్ల తగిలించారు. కొత్తవాళ్లను కలవాలని ఉందని ముందుగా చెప్పినవాళ్లు కూడా, తీరా అక్కడికి వచ్చాక, తమకు తెలిసినవాళ్లతోనే ఎక్కువగా మాట్లాడారు. కాబట్టి కిందటేడు మీ అతిథులు మూలలు పట్టుకున్నందుకు వాళ్లనీ అనుకోనక్కర్లేదు, మిమ్మల్ని మీరూ అనుకోనక్కర్లేదు. మనుషుల నైజమే అంత.

దీని వెనుక ఇంకో చిక్కు ఉంది. ఎరికా బూత్‌బీ, ఆమె సహ పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, తొలిసారి మాట్లాడుకున్న ఇద్దరిలో ప్రతి ఒక్కరూ "ఎదుటివారికి నేను అంతగా నచ్చినట్టు లేదు" అనుకుంటారు. నిజానికి ఎదుటివారికి వాళ్లు అంతకంటే ఎక్కువగానే నచ్చి ఉంటారు. అంటే మీ హాల్లో ఆ మూలన ఉన్నవాళ్లు, ఈ మూలన ఉన్నవాళ్లు ఇద్దరూ అవతలివాళ్లే పలకరిస్తే బాగుండునని చూస్తున్నారన్నమాట. ఎవరూ ముందుకు రారు. ముందుకు రావడానికి ఒక నెపం కావాలి. "మీరేం చేస్తుంటారు?" అని ఊరికే వెళ్లి అడగడానికి మొహమాటపడే మనిషే, చేతిలో ఒక కాగితం ఉండి "ఇందులో ఈ గడి నింపాలట, మీకేమైనా తెలుసా?" అని అడగాల్సి వస్తే హాయిగా వెళ్తాడు. ఆట చేయాల్సింది ఈ ఒక్క పనే. ఆట మొదలైన పది నిమిషాలకు అది మరిచిపోయి ఇద్దరు కబుర్లలో పడితే, ఆట పాడైందని నొచ్చుకోకండి. మీరు ఆట పెట్టిందే అందుకు.

ఇంకో లెక్క కూడా ముందే మనసులో పెట్టుకోండి. 24 మందిని ఇద్దరిద్దరు చొప్పున జత కడితే 276 జతలవుతాయి. అందరికీ అందరినీ పరిచయం చేయడం ఒక్క సాయంత్రంలో కుదిరే పని కాదు. ఒక్కొక్క అతిథి కొత్తగా ముగ్గురు నలుగురితో తీరిగ్గా మాట్లాడి వెళ్తే చాలు. ఈ లక్ష్యం పెట్టుకుంటే మీ మీద బరువు చాలా తగ్గుతుంది.

మొదట ఏది వద్దో చెబుతాను. అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి "ఒక్కొక్కరూ పరిచయం చేసుకోండి" అనడం. ఇది దాదాపు అందరికీ తట్టే ఆలోచన, నా దృష్టిలో అన్నిటికంటే పనికిరానిది. తలా ఒక నిమిషమే అనుకున్నా, ఒక్కొక్కరూ ఒక నిమిషం మాట్లాడి 23 నిమిషాలు వినాలి. అందులోనూ సరిగా వినరు. మాల్కమ్ బ్రెన్నర్ అనే పరిశోధకుడు 1973లో చూపించిన సంగతేమిటంటే, గుండ్రంగా కూర్చుని వరసగా చదివేటప్పుడు, తమ వంతుకు కాస్త ముందు చదివినవాళ్ల మాటలే మనుషులకు తక్కువగా గుర్తుంటాయి. మనసంతా రాబోయే తమ వంతు మీదే ఉంటుంది కదా. మీ మరిది లాంటి మనిషికైతే ఆ వరస తన దాకా వచ్చేలోపు చెమటలు పడతాయి. ఆ బాధ ఆయనకు పెట్టకండి.

ఇక చేయవలసినవి. గుమ్మం దగ్గరే మొదలుపెట్టండి. జంట పదాల చీట్లు రాసుకోండి. ఒక చీటీ మీద సూది, ఇంకో దాని మీద దారం. తాళం, చెవి. విల్లు, బాణం. మేఘం, వాన. ఇలా 12 జంటలు. వచ్చినవాళ్ల చేతిలో ఒక చీటీ పెట్టి "మీ జంట చీటీ ఎవరి దగ్గర ఉందో భోజనాల్లోపు కనుక్కోండి" అని మాత్రం చెప్పండి. కొత్తగా వచ్చిన మనిషికి లోపలికి అడుగుపెట్టగానే ఎక్కడ నిలబడాలి, ఎవరితో మాట్లాడాలి అన్న తికమక ఉంటుంది. ఈ చీటీ ఆ తికమకను తీరుస్తుంది. "మీది మేఘమా?" అని అడగడానికి తెలివితేటలు అక్కర్లేదు, ధైర్యం కూడా అక్కర్లేదు.

ఇందులో మీరు చేయాల్సిన అసలు పని ఒకటుంది. ఈ చీట్లు గిన్నెలో వేసి ఎవరికి ఏది వస్తే అది తీసుకోమనకండి. ఏ చీటీ ఎవరికి ఇవ్వాలో ముందురోజు రాత్రే కూర్చుని నిర్ణయించండి. ఒక గుంపు మనిషికి ఇంకో గుంపు మనిషిని జత చేయండి. మొక్కలంటే ప్రాణం పెట్టే పొరుగింటావిడకూ, బాల్కనీ నిండా కుండీలు పెట్టుకున్న మీవారి సహోద్యోగికీ సూది, దారం ఇవ్వండి. కిందటేడు ఒంటరిగా మిగిలిన ఆ అమ్మాయికి, మీకు తెలిసినవాళ్లందరిలో ఎవరు మనసారా పలకరిస్తారో వాళ్లను జత చేయండి. ఇది మోసమేమోనని సందేహించకండి. అటు వాళ్ల సంగతి, ఇటు వాళ్ల సంగతి తెలిసిన మనిషి ఆ ఇంట్లో మీరొక్కరే. ఆ తెలిసినదాన్ని వాళ్ల మేలుకు వాడటం ఆతిథ్యంలో భాగం. మీ మరిదికి మాత్రం అన్ని విషయాలూ ముందే చెప్పండి, జంట ఎవరో సహా. ఏం జరగబోతోందో తెలిస్తే బిడియస్తులకు సగం భయం పోతుంది.

మూడొంతుల్లో రెండొంతుల మంది వచ్చాక అసలు ఆట. దీన్ని ఇంగ్లీషులో బింగో అంటారు, నేను వెతుకులాట కాగితం అంటాను. ఒక కాగితం మీద 12 గళ్లు గీసి, ఒక్కో గడిలో ఒక్కో మనిషి లక్షణం రాయాలి. ఆ లక్షణం ఎవరికి ఉందో వెతికి పట్టుకుని, ఆ గడిలో వాళ్ల పేరు రాసుకోవాలి. ఒక పేరు ఒక్కసారే రాయాలి. తనకు ముందే తెలిసినవాళ్ల పేరు రాయకూడదు. నియమాలు ఇంతే.

ఈ ఆట పండటం, చప్పగా మిగిలిపోవడం పూర్తిగా ఆ గళ్లలో ఏం రాశారన్నదాని మీదే ఉంటుంది. ఇంటర్నెట్‌లో దొరికే తయారు కాగితాలు వాడకండి. వాటిలో "కళ్లజోడు పెట్టుకునేవారు", "కుక్కను పెంచేవారు" లాంటివి ఉంటాయి. కళ్లజోడు కనపడుతూనే ఉంటుంది, అడగాల్సిన పని లేదు. పేరు రాసుకుని వెళ్లిపోతారు, మాట పెరగదు. గడిలో రాసినది పైకి కనిపించనిదై ఉండాలి. దాని వెనుక చిన్న కథ ఉండాలి. ఆ కథ చెప్పడానికి ఎవరూ సిగ్గుపడకూడదు. ఉదాహరణకు: "చిన్నప్పుడు గడియారమో రేడియోనో విప్పి, మళ్లీ బిగించలేకపోయినవారు." "ముప్పై దాటాక కొత్తగా ఏదైనా నేర్చుకున్నవారు." "మూడుకు మించి బడులు మారినవారు." "తోబుట్టువుల్లో నడిమివారు." "ఒకప్పుడు రైలో బస్సో తప్పిపోయి, దానివల్ల మంచే జరిగినవారు." "పదేళ్లకు పైగా ఒకే వస్తువును పారేయకుండా దాచుకున్నవారు." "ఇంట్లో వాళ్లందరి ఫోను నంబర్లూ చూడకుండా చెప్పగలిగేవారు."

మీ మరిది దగ్గరికి పొరుగింటాయన కాగితం పట్టుకుని వచ్చి "గడియారం ఎప్పుడైనా విప్పారా?" అని అడిగాడనుకోండి. ఆయన నలుగురి ముందు ప్రసంగం చేయలేకపోవచ్చు. కానీ "విప్పాను, అన్నీ బిగించాక ఒక మర మిగిలిపోయింది" అనగలడు. పొరుగింటాయన "మరి నడిచిందా?" అంటాడు. "నడిచింది, కాకపోతే గంటకు పది నిమిషాలు ముందుకు పోయేది." ఈ నాలుగు మాటలతో ఆ ఇద్దరూ ఇక కొత్తవాళ్లు కారు. తరువాత వీధిలో ఎదురుపడినా పలకరించుకోవడానికి ఒక గడియారం ఉంది.

పై మాటల్లో "మరి నడిచిందా?" అన్న ప్రశ్న చూడండి. హార్వర్డ్‌లో కరెన్ హువాంగ్, ఆమె సహచరులు చేసి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, ఎక్కువ ప్రశ్నలు అడిగేవాళ్లను ఎదుటివాళ్లు ఎక్కువగా ఇష్టపడినట్టు తేలింది. అందులోనూ, ఎదుటివారు చెప్పిన మాటనే అందుకుని దాని మీద అడిగే ప్రశ్నలకు ఆ గుణం ఎక్కువ. అందుకని మీ కాగితం అడుగున ఒక వాక్యం రాయండి: "పేరు రాసుకునే ముందు 'ఎలా?', 'ఎందుకు?', 'తర్వాత ఏమైంది?' వీటిలో ఒక్కటైనా అడగండి." ఈ ఒక్క వాక్యం లేకపోతే కొందరు గళ్లు నింపడమే పనిగా హాలంతా పరుగెడతారు. బహుమతి పెడితే ఇంకా పరుగెడతారు కాబట్టి బహుమతి పెట్టకండి. 12 గళ్లూ ఎవరూ నింపనక్కర్లేదని కూడా ముందే చెప్పండి.

గళ్లు రాసేటప్పుడు మీ అతిథుల జాబితా పక్కన పెట్టుకుని, ప్రతి ఒక్కరికీ కనీసం ఒక గడి సరిపోతుందో లేదో చూసుకోండి. తన దగ్గరికి ఎవరూ రాకుండా మిగిలిపోయే మనిషి ఒక్కరు కూడా ఉండకూడదు. పెళ్లి, పిల్లలు, జీతం, బరువు, ఆరోగ్యం, చదువులో మార్కులు, మతం, రాజకీయం వీటి జోలికి వెళ్లే గడి ఒక్కటి కూడా వద్దు. "ఇద్దరు పిల్లలున్నవారు" అనేది మనకు మామూలు మాటే. పిల్లల కోసం ఏళ్లుగా ఎదురుచూస్తున్నవాళ్లు ఆ గుంపులో ఉంటే వాళ్లకు ఆ సాయంత్రమంతా ముల్లు గుచ్చుకున్నట్టే ఉంటుంది. ఎవరి మనసులో ఏముందో మనకు తెలియదు, కాబట్టి ఈ విషయంలో నేను చాలా పట్టుదలగా చెబుతున్నాను. మీవారి ఆఫీసు వాళ్ల గురించి మూడు నాలుగు గళ్లు ఆయన్నే రాయమనండి. వాళ్ల సంగతులు ఆయనకే తెలుసు, పైగా తాను రాసిన కాగితాన్ని ఆయన పిల్లల ఆట అనలేరు.

ఆట మొదలుపెట్టేటప్పుడు చప్పట్లు కొట్టి, గొంతు పెంచి "అందరూ ఇటు రండి, ఇప్పుడు ఒక ఆట ఆడబోతున్నాం" అని ప్రకటించకండి. ఆ మాట వినగానే కొందరు మంచినీళ్ల వంకతో లోపలికి వెళ్లిపోతారు. కాగితాలు, పెన్సిళ్లు పట్టుకుని మీరే ఒక్కో గుంపు దగ్గరికి వెళ్లండి. "ఇక్కడున్నవాళ్ల గురించి కొన్ని సంగతులు రాశాం, ఎవరెవరివో పట్టుకోగలరేమో చూడండి. ఆడాలనిపించకపోతే కాగితం పక్కన పెట్టేయండి, ఏం పరవాలేదు" అనండి. ఆ రెండో వాక్యం మనస్ఫూర్తిగా అనాలి, అన్నాక బలవంతం చేయకూడదు. మానుకునే వీలుందని తెలిసినప్పుడే చాలామంది ఆడతారు. ఇరవై నిమిషాలు దాటనివ్వకండి. ఆలస్యంగా వచ్చినవాళ్లకు కొత్త కాగితం ఇచ్చి వదిలేయకుండా, అప్పటికే ఆడుతున్న ఒకరికి తోడు చేయండి.

పెద్దమ్మగారి విషయం కాస్త నిదానంగా ఆలోచించాలి. వినికిడి తగ్గినవాళ్లకు ఒక్కరు ఎదురుగా కూర్చుని మాట్లాడితే వచ్చే ఇబ్బంది తక్కువ, చుట్టూ పదిమంది మాట్లాడుతుంటే మాత్రం ఏదీ అర్థం కాదు. గదిలో చప్పుడు పెరిగేకొద్దీ మనుషులు తమకు తెలియకుండానే గొంతు పెంచుతారు. ఫ్రాన్సుకు చెందిన వైద్యుడు ఎటియెన్ లోంబార్డ్ 1911లోనే దీన్ని వివరించాడు, ఆయన పేరుతోనే దీన్ని పిలుస్తారు. పాటలు పెడితే మాటలు పెరుగుతాయి, మాటలు వినపడక పాటలు పెంచుతారు, చివరికి అందరూ అరుచుకోవాల్సి వస్తుంది. కాబట్టి ఆటలు సాగేంతసేపూ పాటలు ఆపేయండి. పెద్దమ్మగారి కుర్చీని గోడకు ఆనించి, వెలుతురు మాట్లాడేవాళ్ల మొహాల మీద పడేలా వేయండి. పెదవులు కనిపిస్తే సగం మాట అందుతుంది. వెతుకులాట కాగితంలో రెండు గళ్లు ఆవిడకే సరిపోయేలా రాయండి. ఆవిడ లేచి తిరగనక్కర్లేదు, అందరూ ఆవిడ దగ్గరికే వచ్చి ఒక్కొక్కరుగా ఎదురుగా కూర్చుంటారు.

ఆవిడకు ఎవరితోనూ తేడా లేకుండా చేసే ఆట ఒకటుంది. భోజనానికి ముందు దాన్ని పెట్టండి. అందరూ పుట్టిన నెల, తేదీ వరసలో నిలబడాలి. జనవరి వాళ్లు ఆ కొసన, డిసెంబరు వాళ్లు ఈ కొసన. సంవత్సరం అడగకూడదు. ఒక్క మాట కూడా మాట్లాడకూడదు. అంతా వేళ్లతో, సైగలతోనే. పెద్ద హోదాల్లో ఉన్నవాళ్లు కూడా పదకొండో నెల అని చూపడానికి పది వేళ్లూ, ఆ తర్వాత ఒక వేలూ చూపిస్తూ, ఎదుటివాళ్లు దాన్ని ఒకటో తేదీ అనుకుంటే తల అడ్డంగా ఊపుతూ ఉంటే, నవ్వకుండా ఉండేవాళ్లు ఉండరు. ఆ అయిదు నిమిషాలు అందరూ వినపడని లోకంలోనే ఉంటారు. పెద్దమ్మగారు కుర్చీలోనే ఉంటారు, ఆవిడ నెల వాళ్లు వచ్చి ఆవిడకు అటూ ఇటూ నిలబడతారు. వరస కుదిరాక ఒక కొస నుంచి తేదీలు పైకి చెప్పించండి. 23 మంది ఒకచోట ఉంటే వాళ్లలో ఎవరో ఇద్దరి పుట్టినరోజు ఒకే తేదీ అయ్యే అవకాశం సగానికి కాస్త పైనే ఉంటుంది. మీరు 24 మందిని పిలిచారు. అలాంటి జంట బయటపడితే పుట్టినరోజు విందులో అంతకంటే మంచి ముచ్చట ఏముంటుంది! బయటపడకపోతే ఎవరిది ఎవరికి దగ్గరో చూసుకుంటారు, అదీ సరదానే.

ఈ వరస వల్ల ఇంకో ఉపయోగం ఉంది, నిజానికి నేను ఈ ఆట చెప్పింది అందుకే. వరసను నలుగురు నలుగురు చొప్పున తెంపితే ఆరు చిన్న గుంపులవుతాయి. పుట్టిన నెలకూ, ఆఫీసుకూ, చుట్టరికానికీ సంబంధం లేదు కాబట్టి పాత గుంపులు వాటంతట అవే చెదిరిపోతాయి. భోజనానికి ఆ నలుగురినీ కలిసి కూర్చోమనండి. నలుగురే ఎందుకంటే, మనుషులు తమంతట తాము చేరి చెప్పుకునే కబుర్లలో ఒక ముచ్చటలో సాధారణంగా నలుగురికి మించి ఉండరని రాబిన్ డన్‌బార్ బృందం 1995లో ప్రచురించిన పరిశీలనలో తేలింది. అయిదో మనిషి చేరగానే ముచ్చట రెండుగా చీలడం మొదలవుతుంది. ఆరుగురు కూర్చున్నచోట కాసేపు గమనించండి, మీకే తెలుస్తుంది. భార్యాభర్తలు ఒకే గుంపులో పడితే పడనివ్వండి, విడదీయడానికి తంటాలు పడకండి.

భోజనాల దగ్గర ఆట అక్కర్లేదు. ప్రతి నలుగురి మధ్య మడతపెట్టిన కాగితంలో మూడు ప్రశ్నలు పెట్టండి, చదివితే చదువుతారు. వీటి వరస ముఖ్యం. ఆర్థర్ ఆరన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1997లో ప్రచురించిన పరిశోధనలో, ఒకరికొకరు కొత్తవాళ్లయిన ఇద్దరిద్దరికి 45 నిమిషాల పాటు 36 ప్రశ్నలు ఇచ్చారు. మూడు విడతలుగా, తేలికైన వాటి నుంచి లోతైన వాటికి క్రమంగా వెళ్లేలా అమర్చారు. మామూలు పిచ్చాపాటీ మాట్లాడుకున్న జంటల కంటే ఈ జంటలు తమ మధ్య దగ్గరితనం ఎక్కువ పెరిగిందని చెప్పాయి. మీ విందుకు ఆ 36 ప్రశ్నలు వద్దు, అంత లోతూ వద్దు. మెట్లు మెట్లుగా వెళ్లడం మాత్రం తీసుకోండి. మొదటిది: "ఈ నెలలో మీకు బాగా నచ్చిన రోజు ఏది?" రెండోది: "మీ పనిలో బయటివాళ్లకు తెలియని కష్టం ఏమిటి?" మూడోది: "మీకు ఎవరైనా నేర్పిన విషయాల్లో ఇప్పటికీ రోజూ ఉపయోగపడేది ఏది?" ఈ మూడోదాని దగ్గర మనుషులు తమ గురువులను, అమ్మానాన్నలను తలచుకుంటారు. అక్కడికి చేరాక మీ సాయం వాళ్లకు అక్కర్లేదు.

రెండు నిజాలు, ఒక అబద్ధం చెప్పి అబద్ధమేదో కనుక్కోమనే ఆట మీకు తెలిసే ఉంటుంది. మంచిదే, కానీ నలుగురి గుంపుల్లో, భోజనాలయ్యాకే. 24 మంది ముందు ఒక్కొక్కరూ చెప్పాలంటే అది మళ్లీ గుండ్రంగా కూర్చోవడమే అవుతుంది. వీపు మీద పేరు అతికించి "నేనెవరిని?" అని అడిగించే ఆట కూడా పెట్టవచ్చు. అయితే ప్రసిద్ధుల పేర్లు వయసును బట్టి కొందరికి తెలుస్తాయి, కొందరికి తెలియవు, తెలియనివాళ్లు చిన్నబోతారు. ఆడిస్తే జంతువులో వస్తువులో రాయండి.

చేతులు పట్టుకుని ముడి పడి విడిపించుకునేవి, కళ్లకు గంతలు కట్టేవి, ఒక్కొక్కరూ ఓడి బయటికి వెళ్లేవి, ఎవరి ఫోనులో ఏముందో చూపించమనేవి, భార్యాభర్తలు ఒకరి గురించి ఒకరు చెప్పి నవ్వించేవి వద్దు. ముట్టుకోవడం అందరికీ నచ్చదు. ఓడినవాళ్లు బయటికి వెళ్లే ఆటలో మొదట వెళ్లేది తరచూ మొహమాటస్తులే, వాళ్లను కలపడానికే కదా మీరు ఇంత ఆలోచిస్తున్నది.

పాడటం ఇష్టమైనవాళ్లుంటే చివర్లో అందరూ కలిసి పాడండి. ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన ఐలునెడ్ పియర్స్ బృందం ఏడు నెలల పాటు కొత్తగా తరగతుల్లో చేరినవాళ్లను గమనించి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, చేతిపనుల తరగతి, రచన తరగతి వాళ్ల కంటే పాటల తరగతి వాళ్లు మొదట్లో త్వరగా దగ్గరయ్యారు. చివరికి అన్ని తరగతుల వాళ్లూ ఒకేలా దగ్గరయ్యారు, కానీ ఒక్క సాయంత్రమే చేతిలో ఉన్న మీకు ఆ త్వరే కావాలి. ఒక్కరి చేత పాడించకండి. అందరికీ వచ్చిన పాట అందరూ కలిసి పాడాలి.

పేర్ల గురించి ఒక మాట. పేరు చెప్పిన రెండో నిమిషంలోనే మరిచిపోవడం మన లోపమేమీ కాదు. కొత్త మొహాలను చూపి, పేర్లు, వృత్తులు నేర్పిన ఒక ప్రయోగంలో పేర్లు గుర్తుంచుకోవడమే కష్టమైంది. ఒకే మాటను ఒకచోట పేరుగా, ఇంకోచోట వృత్తిగా చెప్పినప్పుడు కూడా పేరుగా విన్నదే తక్కువగా గుర్తుంది. 1987లో ప్రచురించారు దాన్ని. కాబట్టి పరిచయం చేసేటప్పుడు పేరు ఒక్కటే చెప్పి వెళ్లిపోకండి. "ఈయన మా కింది అంతస్తులో ఉంటారు. పాడైపోయిన కుర్చీలు తెచ్చి బాగుచేస్తుంటారు" అని ఇద్దరి చేతికీ ఒక ముక్క అందించి, ఆ మాట సాగిందాకా అర నిమిషం అక్కడే ఉండండి. పేర్లు పెద్ద అక్షరాలతో రాసి అతికించుకోమంటే చాలామంది లోలోపల సంతోషిస్తారు. ముందు మీరూ మీవారూ అతికించుకోండి.

మీ మరిదికి ఒక పని అప్పగించండి. వచ్చినవాళ్లకు పెన్సిళ్లు అందించడం, పుట్టిన తేదీల వరస సరిగా ఉందో లేదో చూడటం లాంటివి. పని చేతిలో ఉంటే మాట తేలిగ్గా వస్తుంది. ఫొటోలు తీసే పని మాత్రం ఇవ్వకండి. కెమెరా వెనక్కి వెళ్లిన బిడియస్తులు ఆ సాయంత్రమంతా అక్కడే ఉండిపోగలరు. ఆ అమ్మాయిని వీలైతే ఒక అరగంట ముందే రమ్మనండి. నలుగురే ఉన్నప్పుడు వచ్చిన మనిషికి తర్వాత వచ్చే ఇరవై మందిని ఒక్కొక్కరినిగా కలిసే వీలుంటుంది. ఇరవై మంది ఉన్నప్పుడు వచ్చిన మనిషికి అదే ఒక గోడ. కుర్చీలు సర్దడంలోనో చీట్లు పంచడంలోనో సాయం అడిగితే ఆమె కూడా కాసేపు ఇంటి మనిషిలా మసలుతుంది.

ఇన్ని చెప్పాను కదా అని అన్నీ చేయబోకండి. గుమ్మం దగ్గర చీట్లు, వెతుకులాట కాగితం, భోజనానికి ముందు వరస, ఈ మూడూ చాలు. వెతుకులాట అయిదు నిమిషాలకూ ఊపందుకోకపోతే "రండి రండి" అని బతిమాలకుండా కాగితాలు అక్కడే వదిలేసి వరసకు వెళ్లిపోండి. వరస కూడా వద్దనిపిస్తే భోజనాలు పెట్టేయండి. కాకపోతే కుర్చీలు నాలుగేసి చొప్పున విడివిడిగా వేసి ఉంచండి, గోడ వెంట వరసగా మాత్రం వేయకండి.